సాధనశాలలో బాలల భద్రత: అనంతపురం కరవుసీమలో యుద్ధవిద్యల శిక్షణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కరాటే, జూడో, తైక్వాండో వంటి యుద్ధవిద్యలను నేడు బాలబాలికలు ప్రధానంగా ఆత్మరక్షణ కోసం నేర్చుకుంటున్నారు. రక్షణను నేర్పే ఆ చోటులోనే పిల్లలకు రక్షణ ఎంతవరకు ఉందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. స్పర్శ, నొప్పి, విధేయత అనే మూడూ బోధనలో భాగమైన విద్య ఇది. అందువల్ల హద్దు ఎక్కడ దాటిందో పిల్లలకు వెంటనే తెలియదు. వలసలు, పేదరికం ఉన్న అనంతపురం ప్రాంతంలో తెలిసినా చెప్పడం కష్టం. గురుశిష్య సంబంధం గురించిన తెలుగు సంప్రదాయ భావనలను, అమలులో ఉన్న చట్టాలను, జపాన్, ఇంగ్లండ్ దేశాల అనుభవాలను ఈ వ్యాసం పక్కపక్కన ఉంచి చూస్తుంది. జూడోలోని 'తట్టితే విడవాలి' అనే నియమమే బాలల భద్రతకు మూలసూత్రం కాగలదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యుద్ధవిద్యలు, బాలల భద్రత, అనంతపురం, వస్తాదు, పోక్సో చట్టం, సమ్మతి, జూడో.

1. ప్రవేశిక:

ఆడపిల్లకు కరాటే నేర్పించడం ఒకప్పుడు పట్టణ మధ్యతరగతి ముచ్చట. నేడది ప్రభుత్వ కార్యక్రమం. సమగ్ర శిక్షా పథకంలో 'రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' పేరుతో 6వ తరగతి నుంచి 12వ తరగతి వరకు చదివే బాలికలకు మూడు నెలల శిక్షణ ఇప్పిస్తారు. ఇందుకు పాఠశాలకు నెలకు 5,000 రూపాయల చొప్పున కేటాయిస్తారు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలకు కూడా ఈ శిక్షణ వర్తిస్తుంది. దీనికి తోడు పట్టణాల్లో, మండల కేంద్రాల్లో పాఠశాల మైదానాల్లోనూ, కల్యాణమండపాల్లోనూ, మేడలమీదా సాయంకాలపు తరగతులు నడుస్తున్నాయి.

ఈ విస్తరణ వెనుక ఉన్న ఉద్దేశం మంచిదే. అయితే అందులో ఒక ఊహ దాగి ఉంది. పిల్లలకు కీడు తలపెట్టేవాడు దారిలో ఎదురయ్యే అపరిచితుడనీ, అతన్ని ఎదుర్కొనే బలం వస్తే చాలుననీ ఆ ఊహ. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో వెలువరించిన అధ్యయనం దీన్ని సమర్థించదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిగిన ఆ అధ్యయనంలో, పిల్లలపై వేధింపులకు పాల్పడినవారిలో సగం మంది వారికి తెలిసినవారు లేదా వారి నమ్మకాన్ని, బాధ్యతను పొందినవారు అని తేలింది. అంటే దారిలో ఎదురయ్యేవాడిని తన్నడం నేర్పే విద్య, నేర్పేవాడి ముందు నోరు తెరవడం నేర్పకపోతే సగం ప్రమాదాన్ని వదిలేసినట్టే.

యుద్ధవిద్యలను మాన్పించాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పిల్లలకు, ముఖ్యంగా పల్లెటూరి బాలికలకు, శరీరంపై నమ్మకాన్ని ఇచ్చే విద్యలు చాలా తక్కువ. ఆ కొద్దిపాటి అవకాశాన్ని భద్రంగా నిలబెట్టడం ఎలా అన్నదే ఇక్కడి విచారణ.

2. అనంతపురం నేపథ్యం:

అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఈశాన్య రుతుపవనాలు కూడా కోస్తాలో కురిసినంతగా ఇక్కడ కురవవు. వర్షాధార వేరుశనగపై ఆధారపడిన సేద్యం వరుస కరవులకు దెబ్బతిన్నప్పుడల్లా కుటుంబాలు పనులు వెతుక్కుంటూ బెంగళూరుకూ, కేరళకూ వలసపోతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేశాక కూడా రెండు జిల్లాల పల్లెల్లోనూ ఈ స్థితి మారలేదు.

వలస పిల్లల సంరక్షణను మూడు చోట్లకు పంచుతుంది. కొందరు అవ్వాతాతల దగ్గర ఉంటారు, కొందరు హాస్టళ్లలో చేరతారు, కొందరు తల్లిదండ్రుల వెంట పనిచోట్లకు వెళతారు. మొదటి రెండు వర్గాల పిల్లల విషయంలో రోజూ తరగతినుంచి ఇంటికి రాగానే ముఖం చూసి 'ఏమైంది?' అని అడిగే మనిషి దగ్గర లేకపోవచ్చు. క్రీడా శిక్షణలో చేరేటప్పుడు సంతకం పెట్టే పెద్ద ఒకరు, పిల్లను గమనించే పెద్ద మరొకరు, నిర్ణయాలు తీసుకునే పెద్ద ఎక్కడో దూరాన ఫోనులో. ఈ చీలిక బాలల భద్రతకు మొదటి సవాలు.

రెండవది ఆశ. కరవుసీమలో ఆట కేవలం ఆట కాదు. పతకం, ధ్రువపత్రం, క్రీడా కోటా, హాస్టల్ సీటు, ఉద్యోగం అనే వరుసలో అది బతుకుదారి. 1969లో అనంతపురం చేరిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్డీటీ) ఆధ్వర్యంలోని అనంతపురం క్రీడాగ్రామం ఈ ఆశకు కనబడే రూపం. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్‌లతోపాటు జూడో కూడా అక్కడ పల్లెపిల్లలకు అందుబాటులోకి వచ్చింది. ఇటువంటి పెద్ద సంస్థకు కార్యాలయం, సిబ్బంది, అడిగేవారు, చెప్పేవారు ఉంటారు. ఒకే ఒక్క శిక్షకుడు, ఒకే ఒక్క గది, నెలవారీ రుసుముతో నడిచే చిన్న తరగతిలో శిక్షకుడే యజమాని, పరీక్షకుడు, ఫిర్యాదు వినవలసినవాడు కూడా. ఈ వ్యాసం ప్రధానంగా అటువంటి చిన్న తరగతులను దృష్టిలో పెట్టుకున్నది.

మూడవది భయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి పైగా 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు. ఆడపిల్ల విషయంలో ఏ చిన్న మాట బయటికి వచ్చినా చదువు మాన్పించి పెళ్లి చేసే ఆలోచనకు తోవ పడే సమాజంలో, ఫిర్యాదు చేయడానికి బాలిక చెల్లించే మూల్యం చాలా పెద్దది.

3. వస్తాదు, గురువు, మాస్టర్ - పదాల వెనుక అధికారం:

ఈ ప్రాంతానికి యుద్ధవిద్యలు కొత్తవి కావు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ నేర్పే చోటును తెలుగులో 'గరిడి' అన్నారు. పొరుగున కన్నడంలో అదే 'గరడిమనె'. ముస్లిం పాలనకాలపు సంపర్కంతో 'తాలింఖానా' అనే మాట స్థిరపడింది. 'తాలీమ్' అంటే చదువు, శిక్షణ. శిక్షణ ఇచ్చేవాడు 'వస్తాదు'. ఇది 'ఉస్తాద్' అనే మాటకు తెలుగు రూపం. తెలుగులో వస్తాదు అంటే నేర్పేవాడు మాత్రమే కాక బలశాలి, ఎదురులేనివాడు అనే అర్థాలు కూడా చేరడం గమనించదగినది. బోధించే అర్హత, దేహబలం, ఎదురు చెప్పలేని స్థితి ఒకే మాటలో కలిసిపోయాయి.

నేటి కరాటే తరగతిలో పిల్లలు శిక్షకుణ్ని 'మాస్టర్' అంటారు. మాట మారినా అందులోని అధికారం మారలేదు. పైగా గరిడి ఊరి నడుమ, ఊరివారి కళ్లముందు ఉండేది. వస్తాదు ఎవరి కొడుకో, ఎటువంటివాడో ఊరికి తెలుసు. నేటి తరగతి తలుపులు మూసిన గదిలో, వేరే ఊరినుంచి వచ్చిన వ్యక్తి చేతిలో ఉండవచ్చు. పాత అధికారం నిలిచింది గాని, దానికి కాపలాగా ఉన్న పాత చూపు నిలవలేదు. అయితే ఊరి చూపు కూడా అందరినీ సమానంగా కాపాడలేదు. గరిడి ప్రధానంగా మగపిల్లల లోకం. కులపు హద్దులు అక్కడా ఉండేవి. కాబట్టి గతానికి మరలిపోవడం పరిష్కారం కాదు. ఆ చూపును కొత్త రూపంలో, నియమంగా తిరిగి తేవడమే చేయదగినది.

గురుభక్తిని గురించి తెలుగువారికి తెలిసిన కథల్లో ముఖ్యమైనది ఆదిపర్వంలోని ఏకలవ్యుని కథ. నన్నయ తెనిగించిన ఈ పర్వంలో ద్రోణుడు శిష్యునిగా అంగీకరించని ఏకలవ్యుని దగ్గర కుడిచేతి బొటనవేలిని గురుదక్షిణగా కోరతాడు. అతడు మారుమాటాడక ఇస్తాడు. సంప్రదాయ బోధనలో ఇది శిష్యుని ఔన్నత్యానికి ఉదాహరణ. ఆధునిక తెలుగు సాహిత్యంలో, ముఖ్యంగా దళిత బహుజన దృక్పథంలో, అది అన్యాయానికి ప్రతీక. బాలల భద్రత దృష్టితో చూస్తే మూడవ పఠనం సాధ్యమవుతుంది. విద్య పేరుతో ఒక యువకుని దేహం మీద హక్కు తనదనుకున్న పెద్దమనిషి, కాదనడం తెలియని యువకుడు, పక్కనే ఉండి అడగని సాక్షులు. ఈ ముగ్గురూ ఉన్న ప్రతిచోటా అదే కథ పునరావృతమవుతుంది.

'మొక్కై వంగనిది మానై వంగునా' అనే సామెతా, శిక్షణ అంటే దేహాన్ని ఎంతగా హింసించుకుంటే అంత గొప్ప అని చూపే సినిమా దృశ్యాలూ ఈ భావనకు తోడయ్యాయి. కిక్‌బాక్సింగ్ నేపథ్యంగా వచ్చిన 'తమ్ముడు' (1999) వంటి చిత్రాలు ఒక తరం కుర్రాళ్లను సాధన వైపు నడిపించాయి. అయితే తెరమీద నొప్పిని ఎంచుకున్నది వయసు వచ్చిన కథానాయకుడు. తరగతిలో ఆ నొప్పిని భరించేది పదేళ్ల పిల్లవాడు. ఈ తేడాను సినిమా చెప్పదు, శిక్షకుడు చెప్పాలి.

4. యుద్ధవిద్యల్లోని ప్రత్యేక ప్రమాదాలు:

ఏ క్రీడలోనైనా పిల్లలకు ప్రమాదాలు ఉంటాయి. యుద్ధవిద్యల్లో అవి బోధనలోనే కలిసి ఉండడం ప్రత్యేకత. వీటిని నాలుగు విధాలుగా విభజించవచ్చు.

అ) స్పర్శ: జూడోలో పట్టు పట్టకుండా విసరడం నేర్పలేరు. నేలమీద అదిమి ఉంచే పట్లలో రెండు దేహాలు పూర్తిగా తాకుతాయి. కరాటేలో నిలబడే తీరు సరిచేయడానికి శిక్షకుడు నడుమునూ, తొడనూ తాకుతాడు. విద్యకు అవసరమైన స్పర్శ, అవసరం లేని స్పర్శ చూడడానికి ఒకేలా ఉంటాయి. పిల్లకు అసౌకర్యం కలిగినా 'ఇది ఆటలో భాగమేమో' అని తనను తాను సమాధానపరచుకుంటుంది. దుర్మార్గునికి ఈ సందిగ్ధమే ముసుగు.

ఆ) నొప్పి: దెబ్బ తట్టుకోవడం ఇక్కడ ఒక నైపుణ్యం. అందువల్ల శిక్షగా కొట్టిన దెబ్బను కూడా 'గట్టిపరచడం' అని చెప్పడం సులువు. ఆలస్యంగా వచ్చినవాడిని పెద్ద విద్యార్థితో పోరాడించడం, మోకాళ్లమీద నడిపించడం, కర్రతో కొట్టడం ఈ కోవలోకి వస్తాయి. పాఠశాల వార్షికోత్సవాల్లో చిన్నపిల్లల చేత పెంకులు పగలగొట్టించే ప్రదర్శనలు చప్పట్లు తెస్తాయే గాని, ఎదిగే ఎముకలకు మేలు చేయవు.

ఇ) బెల్టు: శిక్షకుడే పరీక్ష పెట్టి, శిక్షకుడే బెల్టు ఇస్తాడు. షోటోకాన్, షిటోర్యు, గోజుర్యు అంటూ కరాటేలో శైలులు అనేకం, వాటి సంఘాలూ అనేకం. ఒక శిక్షకుని వద్ద పొందిన బెల్టును మరొకరు గుర్తించకపోవచ్చు. అందువల్ల శిక్షకుణ్ని విడిచిపెట్టడమంటే సంవత్సరాల శ్రమను విడిచిపెట్టడమే. రుసుము కట్టిన పేద కుటుంబానికి ఇది మరింత బరువు.

ఈ) బరువు, వేడి, తలగాయం: పోటీలు బరువు తరగతుల వారీగా జరుగుతాయి. తక్కువ తరగతిలో దించడానికి పిల్లలను పస్తులుంచడం, నీళ్లు మాన్పించడం, దళసరి బట్టలతో పరుగెత్తించడం ప్రమాదకరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో, అంతంతమాత్రపు పోషణ ఉన్న పిల్లల విషయంలో ఇది ప్రాణాపాయం. మ్యాట్ లేని కటికనేలపై విసరడం నేర్పడం, తలకు దెబ్బ తగిలిన రోజే మళ్లీ బరిలోకి దింపడం కూడా అటువంటివే. మొదటి దెబ్బనుంచి మెదడు కోలుకోకముందే తగిలే రెండవ దెబ్బ ఎదిగే వయసులో ప్రాణాంతకం కావచ్చు.

5. చట్టం ఏమి చెబుతున్నది?

భారతదేశంలో ఈ విషయంపై చట్టం లేదనుకోవడం సరికాదు. 2012 నవంబరు 14నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ బాలలుగా పరిగణిస్తుంది. పిల్లలకు సేవలందించే సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవారు, పిల్లల నమ్మకం పొందినవారు, వారిపై అధికారం ఉన్నవారు చేసే నేరాలను 5, 9 సెక్షన్లు తీవ్రమైనవిగా వర్గీకరించాయి. శిక్షకుడు ఈ నిర్వచనంలోకి వస్తాడు. 9వ సెక్షన్ కిందికి వచ్చే లైంగిక దాడికి 10వ సెక్షన్ కనీసం ఐదేళ్ల జైలుశిక్ష విధించింది.

స్పర్శ విషయంలో సుప్రీంకోర్టు 2021 నవంబరు 18న ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. దుస్తుల మీదుగా తాకితే అది లైంగిక దాడి కాదన్న బొంబాయి హైకోర్టు వ్యాఖ్యానాన్ని అది తోసిపుచ్చింది. చర్మం చర్మానికి తగలడం కాదు, లైంగిక ఉద్దేశమే ప్రధానమని స్పష్టం చేసింది. జూడో దుస్తులు, కరాటే దుస్తులు అడ్డుగా ఉన్నాయన్న వాదన కాబట్టి నిలవదు. సదుద్దేశంతో పట్టు సరిచేసే శిక్షకునికి ఈ తీర్పు భయం కలిగించనవసరం లేదు. ఆ సదుద్దేశం అందరికీ కనబడేలా బోధించడం మాత్రం ఆయన బాధ్యత అవుతుంది.

19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగవచ్చనే ఆందోళన ఉన్నవారు కూడా పోలీసులకు తెలియజేయాలి. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలిసీ దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష ఉంటుంది. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారికి రక్షణ ఉంది. ఫిర్యాదు తప్పని తేలినా 22వ సెక్షన్ ప్రకారం పిల్లలను శిక్షించరాదు. ఊరి పెద్దల సమక్షంలో 'రాజీ' కుదర్చడానికి చట్టంలో చోటు లేదు.

2020 పోక్సో నియమావళి మరొక అడుగు ముందుకు వేసింది. పిల్లలతో తరచుగా సంబంధం ఉండే సంస్థలను పేర్కొంటూ పాఠశాలలు, శిశుసంరక్షణ కేంద్రాలతోపాటు 'క్రీడా అకాడమీ'లను పేరుపెట్టి చేర్చింది. సిబ్బంది అందరికీ, ఒప్పంద ఉద్యోగులతో సహా, ఎప్పటికప్పుడు పోలీసు ధ్రువీకరణ జరిపించాలని మూడవ నియమం నిర్దేశించింది. గదిలో నడిచే కరాటే తరగతి నిర్వాహకుడు తనదొక అకాడమీ అని బోర్డు పెట్టుకుంటాడు. ఆ బోర్డుతోపాటు వచ్చే ఈ బాధ్యతను మాత్రం అతనికి ఎవరూ చెప్పరు.

శారీరక హింస విషయంలో చిత్రం కొంత భిన్నంగా ఉంది. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించినది పాఠశాలల్లో. బాలల న్యాయ చట్టం (2015) 82వ సెక్షన్ దండనను నేరం చేసినది బాలల సంరక్షణ సంస్థల్లో. సాయంకాలపు ప్రైవేటు తరగతి ఈ రెంటికీ మధ్య జారిపోతుంది. అయితే అదే చట్టం 75వ సెక్షన్, పిల్లలపై వాస్తవ నియంత్రణ ఉన్న ఏ వ్యక్తి అయినా వారికి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. ఇక్కడ కీలకమైన మాట 'అనవసరమైన'. ఏ నొప్పి అవసరం, ఏది అనవసరం అని ముందుగా రాసిపెట్టుకోని తరగతిలో ప్రతి దెబ్బా అవసరమైనదిగానే చలామణి అవుతుంది.

సమ్మతిని గురించి శిక్షాస్మృతి చెప్పిన మాట కూడా ఇక్కడ గమనార్హం. భారత శిక్షాస్మృతి 87వ సెక్షన్‌లో, దాని స్థానంలో 2024 జూలై 1నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్‌లో, సమ్మతితో కలిగే హానిని మినహాయించారు. వినోదం కోసం కత్తిసాముకు దిగిన ఇద్దరు ఆటలో పొందే హాని అక్కడి ఉదాహరణ. యుద్ధవిద్యనే ఉదాహరణగా తీసుకున్న ఈ సెక్షన్ 18 ఏళ్లు దాటినవారి సమ్మతికే వర్తిస్తుంది. పిల్లల విషయంలో వినోదం, ప్రదర్శన సరిపోవు. సదుద్దేశంతో వారి మేలుకోసం చేసినదని చూపగలగాలి. 'వాడే దిగుతానన్నాడు' అనే మాట శిక్షకునికి రక్షణ కాదు.

6. ఇతర దేశాల అనుభవం:

జూడో పుట్టిన జపాన్‌లోనే ఈ ప్రశ్న తీవ్రంగా ముందుకు వచ్చింది. 1983 తరువాత మూడు దశాబ్దాల్లో పాఠశాలల జూడోలో వందమందికి పైగా పిల్లలు మరణించారని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఉచిదా ర్యో వెలికితీశారు. వాటిలో తలగాయాల మరణాలు ఎక్కువ. పడడం ఇంకా సరిగా నేర్వని కొత్త విద్యార్థులు, వెనక్కు పడగొట్టే 'ఒసోతొగారి' అనే పట్టు ప్రమాదాల్లో తరచుగా కనిపించాయి. 2012లో మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధవిద్యలను తప్పనిసరి చేసినప్పుడు ఈ చర్చ దేశమంతటా సాగింది. 2013 జనవరిలో, జాతీయ జట్టు శిక్షకుడు తమను కొట్టాడని 15 మంది మహిళా జూడో క్రీడాకారిణులు చేసిన ఫిర్యాదు వెలుగులోకి వచ్చి ఆయన పదవిని విడిచిపెట్టవలసివచ్చింది. ఒలింపిక్ స్థాయి క్రీడాకారిణులకే నోరు తెరవడానికి అంతకాలం పట్టిందంటే పదమూడేళ్ల పిల్ల సంగతి ఊహించవచ్చు. 2022లో అఖిల జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను రద్దు చేసింది. గెలుపే సర్వస్వమన్న ధోరణి చిన్నపిల్లల మీద పడుతున్నదన్నది కారణం. జూడోను కనిపెట్టిన దేశమే పతకం కంటే పిల్లవాణ్ని ముందు పెట్టిన సందర్భమిది.

ఇంగ్లండ్‌లో క్రీడల్లో బాలల రక్షణకు 2001లోనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. 16, 17 ఏళ్ల వారితో ఉపాధ్యాయులు లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని నేరం చేసిన 'నమ్మకపు స్థానం' నిబంధనను 2022లో క్రీడా శిక్షకులకూ విస్తరించారు. భారతీయ చట్టం 18 ఏళ్ల హద్దుతో ఈ విషయంలో ముందునుంచే విస్తృతంగా ఉంది. మన లోటు చట్టంలో లేదు. చట్టం సాధనశాల గడప దాకా రాకపోవడంలో ఉంది. 2023లో కుస్తీ క్రీడాకారిణుల నిరసన, ఆ తరువాత 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడల విధానాన్ని జాతీయస్థాయికి తెచ్చాయి. సమాఖ్యల స్థాయి ఏర్పాట్లు మండల కేంద్రంలోని తరగతికి చేరడానికి స్థానిక మార్గం కావాలి.

7. 'తట్టితే విడవాలి' - ఒక మూలసూత్రం:

1882లో జూడోను రూపొందించిన కానో జిగోరో తరువాతి కాలంలో పరస్పర క్షేమాన్ని దాని ఆదర్శాల్లో ఒకటిగా నిలిపాడు. ఆ ఆదర్శానికి ఆచరణరూపం తట్టడం. పట్టులో చిక్కినవాడు మ్యాట్‌నో, ఎదుటివాడి దేహాన్నో చేత్తో తడితే పట్టినవాడు మరుక్షణం విడవాలి. ఎందుకు తట్టావని అడగరాదు. నిజంగా నొప్పేనా అని పరీక్షించరాదు. బెల్టు రంగు చూడరాదు. ఎంత పెద్ద వీరుడైనా ఎంత చిన్న శిష్యుడు తట్టినా విడవవలసిందే.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పోటీలో తట్టడం ఓటమి. తట్టినవాడు బరినుంచి బయటికి వెళతాడు. సాధనలో తట్టడం ఓటమి కాదు. తట్టినవాడు లేచి అదే మ్యాట్ మీద మళ్లీ మొదలుపెడతాడు. కరవుసీమలో పిల్లల ఫిర్యాదును సమాజం పోటీలోని తట్టుగా చూస్తున్నది. ఉదాహరణకు, తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనిలో ఉండగా అవ్వ దగ్గర పెరుగుతున్న పదమూడేళ్ల బాలికను ఊహించుకుందాం. మాస్టర్ ప్రవర్తన తనకు నచ్చలేదని చెబితే అవ్వ మొదట చేసే పని ఆమెను తరగతి మాన్పించడం. కోపంతో కాదు, ప్రేమతోనే. ఫలితంగా తప్పు చేసినవాడు తరగతిలో ఉంటాడు, చెప్పిన పిల్ల ఇంట్లో ఉంటుంది. ఇది చూసిన మిగిలిన పిల్లలు మౌనమే లాభమని నేర్చుకుంటారు. కాబట్టి భద్రతా నియమాల్లో మొదటిది, చెప్పిన పిల్ల శిక్షణ ఆగకూడదు. విచారణ పూర్తయ్యేవరకు పక్కకు తప్పుకోవలసినది శిక్షకుడు.

ఈ సూత్రంనుంచి ఆచరణయోగ్యమైన కొన్ని నియమాలు ఏర్పడతాయి.

మొదటిది స్థలం. చిన్న తరగతులకు సొంత భవనాలు అరుదు. పాఠశాల మైదానమో, పంచాయతీ భవనమో, కల్యాణమండపమో కావాలి. ప్రధానోపాధ్యాయుడు, హాస్టల్ వార్డెన్, పంచాయతీ కార్యదర్శి స్థలం ఇచ్చేముందే శిక్షకుని పోలీసు ధ్రువీకరణను అడిగితే చట్టం అక్కడే అమలులోకి వస్తుంది. దీనికి అదనపు ఖర్చు లేదు.

రెండవది చూపు. తలుపులు తెరిచి ఉండాలి. శిక్షకుడు ఒక్క పిల్లతో ఏకాంతంగా ఉండరాదు. రెండవ శిక్షకునికి జీతమిచ్చే స్తోమత లేనిచోట పొదుపు సంఘాల మహిళలు, అవ్వలు వంతులవారీగా వచ్చి కూర్చోవచ్చు. వారికి కరాటే తెలియనవసరం లేదు. అక్కడ ఉండడమే వారి పని. గరిడికి ఊరు అందించిన చూపును ఇది నియమంగా తిరిగి తెస్తుంది.

మూడవది స్పర్శ. తాకేముందు ఎక్కడ, ఎందుకు తాకుతున్నదీ శిక్షకుడు పైకి చెప్పాలి. పట్టును సాధ్యమైనంతవరకు సమవయస్కుల మధ్య చూపించాలి. 'వద్దు' అంటే ఆగాలి.

నాలుగవది దేహం. మ్యాట్ లేనిచోట విసరడం నేర్పరాదు. పడడం నేర్వనివారిని పడవేయరాదు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు సాధన ముగిసినట్టే. వైద్యుడు చెప్పేవరకు తిరిగి దింపరాదు. పోటీకోసం పిల్లల బరువు తగ్గించరాదు. నీళ్లు అడిగిన పిల్లకు ఎప్పుడూ ఇవ్వాలి.

ఐదవది ప్రయాణం, ఫోను. పోటీలకు వెళ్లినప్పుడు బాలికల వెంట బాధ్యత గల మహిళ ఉండాలి, గదులు వేరుగా ఉండాలి. శిక్షకుడు పిల్లలకు విడిగా సందేశాలు పంపరాదు. పెద్దలున్న బృందంలోనే సమాచారం ఇవ్వాలి.

ఆరవది చెప్పుకునే చోటు. అది తరగతికి బయట ఉండాలి. గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు, పాఠశాలలో పిల్లలు నమ్మే ఉపాధ్యాయిని, 1098 బాలల సహాయవాణి అందుబాటులో ఉన్న మార్గాలు. ఈ వివరాలు గోడమీద పెద్ద అక్షరాలతో తెలుగులో, అవసరమైన చోట కన్నడ, ఉర్దూల్లో రాసి ఉండాలి.

ఈ నియమాలు శిక్షకులమీద అనుమానంతో పుట్టినవి కావు. అందరి కళ్లముందు బోధించే మంచి శిక్షకుని మీద నింద నిలవదు. తక్కువ ఆదాయంతో పల్లెపిల్లలకోసం శ్రమించే శిక్షకులకు ఇవి రక్షణకవచాలు కూడా.

8. ముగింపు:

యుద్ధవిద్యల తరగతిలో పిల్లల దేహం, నమ్మకం, భవిష్యత్తు మూడూ శిక్షకుని చేతిలో ఉంటాయి. గురుభక్తి భావన, బతుకుదారిపై ఆశ, పరువు పోతుందన్న భయం కలిసి అనంతపురం వంటి ప్రాంతంలో ఆ చేతిని ప్రశ్నకు అతీతం చేస్తున్నాయి. చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. 2020 నియమావళి క్రీడా అకాడమీలను పేరుపెట్టి బాధ్యులను చేసింది. వాటిని గడప దాకా తేగలిగినవారు స్థలం ఇచ్చే ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు, పంచాయతీలు.

ఆత్మరక్షణ తరగతిలో మొదటి పాఠం పిడికిలి బిగించడం కాకుండా తట్టడం కావాలి. తట్టితే ఎదుటివాడు విడుస్తాడనీ, తట్టినందుకు తనను ఎవరూ బయటికి పంపరనీ ఒక బాలిక తన సాధనశాలలో అనుభవంతో తెలుసుకుంటే, ఇంట్లోనూ, బడిలోనూ, పనిచోటా అదే హక్కును అడగగలుగుతుంది. ఆ నమ్మకాన్ని కలిగించలేని శిక్షణ ఎన్ని బెల్టులు ఇచ్చినా ఆత్మరక్షణ విద్య అనిపించుకోదు.